అయస్కాంతం పక్కన పెసర మొలకలు: ఇంట్లోనే నమ్మదగ్గ ప్రయోగం చేసే పద్ధతి

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఒకసారి రెండు ట్రేలలో పెసలు మొలకెత్తించారు. ఒక ట్రే కింద పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం పెట్టారు, రెండో దాని కింద ఏమీ పెట్టలేదు. అయిదో రోజుకి అయస్కాంతం ఉన్న ట్రేలో మొలకలు వేలెడు పొడుగు ఎక్కువ వచ్చాయి. పిల్లల సంతోషం చెప్పనలవి కాదు, చార్టు కూడా రాసేశారు. నాకెందుకో అనుమానం వచ్చి నాలుగు మొలకలు చేతిలోకి తీసుకుని చూశాను. కాడలు తెల్లగా పాలిపోయి సన్నగా ఉన్నాయి, ఆకులు పసుప్పచ్చగా ముడుచుకునే ఉన్నాయి. రెండో ట్రేలోవి పొట్టిగా, పచ్చగా, పుష్టిగా ఉన్నాయి. ట్రేలు పెట్టిన చోటు చూస్తే సంగతి అర్థమైంది. ఒకటి కిటికీ పక్కన ఉంది, అయస్కాంతం ఉన్నది బీరువా నీడలో ఉంది. వెలుతురు అందని మొలక దాన్ని వెతుక్కుంటూ సాగిపోతుంది. మేము చార్టు మీద రాసుకున్న ఆ పొడుగంతా బీరువా నీడ వల్ల వచ్చింది. తర్వాతి వారం ట్రేల చోట్లు మార్చి మళ్లీ చేశాం. ఈసారి అయస్కాంతం లేని ట్రేలో మొలకలు పొడుగ్గా వచ్చాయి.

అప్పటి నుంచి ఈ ప్రయోగం చేస్తామని ఎవరు వచ్చినా నేను ముందు ఒక్కటే చెబుతాను. అయస్కాంతం కొనడం చాలా తేలిక. దాన్ని తప్ప మిగతావన్నీ రెండు వైపులా సమానంగా ఉంచడంలోనే పనంతా ఉంది. కింద రాసిన పద్ధతి ఆ పనిని దృష్టిలో పెట్టుకుని తయారు చేసుకున్నదే. హైస్కూలు పిల్లలు పెద్దల సాయంతో వారం రోజుల్లో చేయగలరు.

ఇప్పటిదాకా ఏం తెలిసింది

ప్రతి మొక్కా పుట్టుకతోనే ఒక అయస్కాంత క్షేత్రంలో ఉంటుంది, అది భూమిది. ప్రాంతాన్ని బట్టి ఇది 25 నుంచి 65 మైక్రోటెస్లాల వరకు ఉంటుంది (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం, వెయ్యి మైక్రోటెస్లాలు ఒక మిల్లీటెస్లా). హైదరాబాద్ చుట్టుపక్కల 40కి కాస్త పైన ఉంటుంది. దీన్ని రోజూ నమోదు చేసే కేంద్రం జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లకు చౌటుప్పల్‌లో ఉంది. మనం వాడబోయే చిన్న బిళ్ళ అయస్కాంతం పైతలం మీద క్షేత్రం సుమారు 200 మిల్లీటెస్లాలు, అంటే భూమి క్షేత్రానికి నాలుగైదు వేల రెట్లు. ఈ రెండు కొలతలు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

మన దేశంలో ఈ విషయం మీద మంచి పని జరిగింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో అనంత వశిష్ఠ్, శాంతా నాగరాజన్ శనగ గింజలను పొడిగా ఉన్నప్పుడే 50 నుంచి 250 మిల్లీటెస్లాల క్షేత్రంలో గంట నుంచి నాలుగు గంటల దాకా ఉంచి, ఆ తర్వాత మొలకెత్తించారు. 2008లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం మొలక త్వరగా వచ్చింది, వేరు, కాడ ఎక్కువ సాగాయి. అన్నిటికన్నా బాగా పనిచేసినవి 50 మిల్లీటెస్లాల్లో రెండు గంటలు, 100లో ఒక గంట, 150లో రెండు గంటలు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. క్షేత్రం పెంచుకుంటూ పోతే ఫలితం కూడా పెరుగుతూ పోలేదు. ‘బలమైన అయస్కాంతం పెడితే ఇంకా బాగా వస్తుంది’ అనే ఊహ ఇక్కడ పనికిరాదు. తర్వాత పొద్దుతిరుగుడు మీద, సోయాచిక్కుడు మీద కూడా ఇలాంటి ఫలితాలే అచ్చయ్యాయి.

ఇంకో పక్క కూడా చూడాలి. మొక్కలలో నీలి కాంతిని గుర్తించే క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ ఉంటుంది. వలస పక్షులకు దిక్కు తెలియడం వెనక ఉన్నది కూడా ఈ కుటుంబం ప్రోటీనే అని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. 2007లో మార్గరెట్ అహ్మద్ బృందం అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద ప్రయోగం చేసి, నీలి కాంతిలో 500 మైక్రోటెస్లాల క్షేత్రం పెడితే మొలక కాడ ఇంకా పొట్టిగా ఉంటుందని చెప్పింది. 2009లో మరో బృందం అదే ప్రయోగాన్ని మరింత జాగ్రత్తగా చేస్తే ఆ తేడా కనిపించలేదు. నా దృష్టిలో ఈ రెండో పేపర్‌ను ప్రతి సైన్స్ టీచరూ పిల్లలకు చెప్పాలి. కనిపించలేదని రాయడానికి కూడా అంతే కష్టపడాలని పిల్లలకు తెలుస్తుంది.

వేరు విషయం వేరే. వేరు కొసన ఉండే టోపీలాంటి భాగంలో పిండి రేణువులుంటాయి. అవి బరువుకి కిందికి దిగుతాయి, వేరుకి ‘కిందివైపు’ ఏదో అలా తెలుస్తుంది. పిండిని అయస్కాంత క్షేత్రం చాలా కొద్దిగా దూరంగా నెడుతుంది. అమెరికాలోని లూసియానాలో కుజ్నెత్సోవ్, హాసన్‌స్టైన్ 1996లో ఈ గుణాన్ని వాడుకుని, బలంగానూ కొద్ది దూరంలోనే చప్పున మారిపోయేలాగానూ ఉండే క్షేత్రంతో అవిసె వేరును వంచి చూపించారు. మన బిళ్ళకి అంత శక్తి లేదు. అందుకే వేరు వంపు ప్రయోగాన్ని నేను చివర పెట్టాను.

కావలసిన సామాన్లు

పెసలు 100 గ్రాములు, అన్నీ ఒకే ప్యాకెట్‌లోవి. పప్పు కాదు, పొట్టు ఉన్న గింజలు. బిళ్ళ ఆకారం నియోడైమియమ్ అయస్కాంతాలు అయిదు, 25 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్నవి. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అదే సైజులో అయస్కాంతానికి అంటుకోని లోహపు బిళ్ళలు అయిదు కావాలి, వీటిని డమ్మీలు అందాం. ఇత్తడి బిళ్ళలు దొరికితే మంచిది, లేదంటే పది రూపాయల నాణేలు మూడేసి కలిపి వాడొచ్చు. ఒక్కో నాణేన్నీ ముందు అయస్కాంతానికి తాకించి చూడండి. రూపాయి, రెండు రూపాయల నాణేలు ఉక్కువి, టక్కున అంటుకుంటాయి, అవి పనికిరావు.

ఇవి కాక వంటింట్లో వాడే తెల్ల టిష్యూ రోల్, పది ప్లాస్టిక్ లేదా గాజు గ్లాసులు, చిన్న జిప్‌లాక్ కవర్లు, సూది తీసేసిన సిరంజి, నల్ల ఇన్సులేషన్ టేపు, పెన్సిలు, దారం, మిల్లీమీటర్ల స్కేలు, అన్నీ పట్టే ఒక పెద్ద అట్టపెట్టె.

నియోడైమియమ్ అయస్కాంతాలతో జాగ్రత్త. రెండు బిళ్ళలు దగ్గరకొస్తే మధ్యలో వేలు నలుగుతుంది. చిన్నపిల్లలు రెండు మింగితే పేగులకి ప్రాణాపాయం, కాబట్టి ఇంట్లో పసివాళ్లుంటే తాళం వేసి పెట్టండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు.

అంచె 1: గింజలు ఏరడం

ఈ పనికి గంటన్నర పెట్టండి, తొందరపడొద్దు. తెల్ల పళ్ళెంలో పోసి పగిలినవి, పుచ్చులున్నవి, మరీ చిన్నవి, ముడతలు పడ్డవి తీసేయండి. మిగిలిన వాటిలోంచి దగ్గరదగ్గరగా ఒకే సైజువి 420 ఏరండి. నాలుగు వందలు ప్రయోగానికి, ఇరవై ముందు పరీక్షకి.

ఆ ఇరవైని తడి టిష్యూలో చుట్టి రెండు రోజులు ఉంచండి. పల్లెల్లో రైతులు తడి గోనెలో గింజలు చుట్టి మొలక శాతం చూస్తారే, అదే పద్ధతి. ఇరవైలో 15 కన్నా తక్కువ మొలిస్తే ఆ ప్యాకెట్ పక్కన పెట్టి కొత్తది కొనండి. పెసర విత్తనానికి సర్టిఫికేషన్ వాళ్లు పెట్టుకున్న కనీస మొలక శాతం కూడా 75.

అంచె 2: బిళ్ళలకి ముసుగు వేయడం

అయిదు అయస్కాంతాలనూ అయిదు డమ్మీలనూ నల్ల టేపుతో ఒకేలా చుట్టేయండి. చూస్తే ఏది ఏదో తెలియకూడదు. ఈ టేపుకి ఇంకో ఉపయోగం ఉంది. నియోడైమియమ్ బిళ్ళ పైన నికెల్ పూత ఉంటుంది, ఆ పూత లేచిపోయి తడి తగిలితే తుప్పు పడుతుంది. ఆ తుప్పు నీళ్లు మొలకకి చేరితే ఫలితం చెడిపోతుంది.

ఇక్కడి నుంచి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు గింజలు బిళ్ళల మీద పెట్టి రహస్య పట్టిక రాసుకునేవారు. రెండోవారు చివర కొలిచేవారు. కొలిచేవారికి ఏ గింజ అయస్కాంతం మీద ఉండి వచ్చిందో ఆఖరి అంకె రాసేదాకా తెలియకూడదు. మనం ఎంత నిజాయితీగా ఉన్నా, తెలిసి కొలిస్తే స్కేలు మనకి నచ్చిన వైపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. నాలుగు వందల మొలకల్లో ఒక్కో మిల్లీమీటరు చాలు లేని తేడా పుట్టించడానికి.

అంచె 3: గింజలని అయస్కాంతం మీద ఉంచడం

25 మి.మీ. బిళ్ళ మీద పెసలు ఒకే వరసలో పరిస్తే ఇరవై దాకా పడతాయి. ఒక కవరులో ఇరవై గింజలు వేసి, గాలి తీసేసి, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా సర్ది, బిళ్ళ మీద పెట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదని ఎందుకంటున్నానో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. బిళ్ళ మధ్యలో పైతలం దగ్గర క్షేత్రం సుమారు 220 మిల్లీటెస్లాలు. 5 మి.మీ. పైకి వెళితే 150, 10 మి.మీ. దగ్గర 85, 20 మి.మీ. దగ్గర 28, 40 మి.మీ. దూరంలో అయిదే. గింజలు రెండు వరసలయితే పైవరసకి కిందివరసకి అందేది వేరైపోతుంది. బిళ్ళ మీద నేరుగా పరిస్తే 150 నుంచి 220 మధ్య ఉంటుంది, అంచుల దగ్గర కొంచెం తేడా వస్తుంది. ఢిల్లీ వాళ్లు వాడిన పరిధిలోకే మనమూ వస్తాం.

అయస్కాంతం ఉన్న కవర్లను ఒకదానికొకటి కనీసం 60 సెం.మీ. దూరంలో పెట్టండి, డమ్మీ కవర్లను కూడా అంతే దూరంలో. 60 సెం.మీ. అవతల ఈ బిళ్ళ క్షేత్రం సుమారు ఒక మైక్రోటెస్లాకి పడిపోతుంది, భూమి క్షేత్రం ముందు అది లెక్కలోకి రాదు. అదే 30 సెం.మీ. దూరమే ఉంచితే తొమ్మిది దాకా ఉంటుంది, డమ్మీ గింజలకి కూడా అయస్కాంతం ‘అంటుతుంది’.

పెట్టిన బల్ల ఇనుపదా, పక్కన ఫ్రిజ్ ఉందా, గోడ అవతల ఇన్వర్టర్ ఉందా చూసుకోండి. ఫోన్లో అయస్కాంత సెన్సార్ ఉంటుంది. ఫైఫాక్స్ లాంటి ఉచిత యాప్ వేసుకుంటే మైక్రోటెస్లాల్లో చూపిస్తుంది. అయస్కాంతాలు బయటికి తీయకముందు బల్లంతా ఫోన్‌తో తిరిగి చూడండి, 35 నుంచి 50 మధ్య నిలకడగా ఉన్న చోట్లు ఎంచుకోండి. ఫోన్‌ని నియోడైమియమ్ బిళ్ళ దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు, ఆ సెన్సార్ అంత క్షేత్రాన్ని కొలవలేదు, దాని లెక్క కూడా తప్పిపోతుంది.

రెండు గంటలు ఉంచండి. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత చేస్తే ఒకే రోజులో పది అయస్కాంతం కవర్లు, పది డమ్మీ కవర్లు తయారవుతాయి. ఒకే విడతలో చేసిన అయస్కాంతం కవరు, డమ్మీ కవరు కలిపి ఒక జత. ప్రతి జతకీ బొమ్మా బొరుసూ వేయండి. బొమ్మ పడితే అయస్కాంతం కవరు మీద ‘క’, డమ్మీ మీద ‘గ’ అని రాయాలి, బొరుసు పడితే తిరగేసి రాయాలి. జత నంబరు కూడా చేర్చండి: 1క, 1గ, 2క, 2గ. పట్టిక కవరులో పెట్టి అంటించేయండి.

అంచె 4: నానబెట్టి చుట్టడం

ఈ ప్రయోగానికి ఆయువుపట్టు ఇక్కడుంది. ఒక జతలోని రెండు చుట్టలూ ఒకే గ్లాసులో నిలబడాలి. ఒకే నీళ్లు, ఒకే వేడి, ఒకే చీకటి. మా పిల్లల ట్రేలకి జరిగింది ఇక్కడ జరగడానికి వీల్లేదు, ఎందుకంటే బీరువా నీడ పడితే రెండింటి మీదా సమానంగా పడుతుంది.

అన్ని గింజలనీ వేర్వేరు కప్పుల్లో ఒకే సమయానికి, సిరంజితో కొలిచిన 20 మి.లీ. నీళ్లలో ఆరు గంటలు నానబెట్టండి. కుళాయి నీళ్లయినా ఫర్వాలేదు గాని అన్నిటికీ ఒకే బిందెలోవి వాడండి. టిష్యూ రెండు షీట్లు బారుగా పరిచి తడపండి. పై అంచుకి 5 సెం.మీ. కింద గింజలు వరసగా, రెండేసి సెంటీమీటర్ల ఎడంలో పెట్టండి. పైన ఇంకో తడి టిష్యూ కప్పి, చాప చుట్టినట్టు వదులుగా చుట్టండి. బిగించి చుడితే గింజకి గాలి అందక కుళ్ళు వాసన వస్తుంది. కోడ్ పెన్సిలుతోనే రాయాలి, పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది.

ఒక్కో గ్లాసులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, జత చుట్టలు రెండూ నిలబెట్టి, పది గ్లాసులనూ అట్టపెట్టెలో పెట్టి మూసేయండి. 25 నుంచి 30 డిగ్రీల వేడి పెసలకి సరిపోతుంది, మన దగ్గర ఏడాదిలో చాలా నెలలు గది వేడే చాలు. నడి ఎండాకాలం వద్దు. రోజూ సాయంత్రం గ్లాసుల్లో తగ్గిన నీళ్లు సమానంగా నింపి, గ్లాసుల చోట్లు మార్చండి.

అంచె 5: లెక్కపెట్టడం, కొలవడం

నానబెట్టిన 24 గంటలకి ఒకసారి, 48 గంటలకి ఒకసారి చుట్టలు మెల్లగా విప్పి ఎన్ని మొలిచాయో రాయండి. ‘మొలిచింది’ అంటే ఏమిటో ముందే రాసుకోవాలి. తెల్లటి వేరు 2 మి.మీ. బయటికి వస్తేనే మొలక అనుకుందాం. అయస్కాంత ప్రభావం ఉంటే అది మొలక వేగంలో, అంటే ఈ మొదటి 24 గంటల అంకెలోనే బయటపడే అవకాశం ఎక్కువ. చాలామంది ఈ అంకె వదిలేసి నేరుగా అయిదో రోజు స్కేలు తీస్తారు.

అయిదో రోజు చుట్టలు విప్పి కొలవండి. మొలక తీసి నల్ల కాగితం మీద పెట్టండి. వేరు ఎప్పుడూ తిన్నగా ఉండదు, తడి టిష్యూ పోగుల్లో వంకర తిరిగి, సన్నటి నూగు వేర్లతో కాగితాన్ని పట్టుకుని ఉంటుంది. లాగితే కొస తెగిపోతుంది. ముందు కొద్దిగా నీళ్లు చల్లి, కాగితంతో పాటు ఎత్తండి, కాసేపటికి వేరు తనంతట తనే వదులవుతుంది. వేరు వంపుల వెంట దారం పరిచి, కాడ మొదలైన చోట గోటితో నొక్కి పట్టుకుని, దారాన్ని స్కేలు మీద పెట్టి చదవండి. వేరు తెల్లగా ఉంటుంది, కాడ కొద్దిగా లావుగా, కొన్నిట్లో ఎర్రజీరతో ఉంటుంది, ఆ కలిసే చోటు గుర్తుపట్టడానికి పది మొలకలు చాలు. వేరు, కాడ విడివిడిగా రాయండి.

మొలవని గింజని పొడుగుల సగటులో సున్నాగా కలపొద్దు. అది మొలక శాతం లెక్కలోకి వెళుతుంది. రెండింటినీ కలిపి చూడాలంటే మొలక శాతాన్ని మొలక సగటు పొడుగుతో గుణిస్తే వచ్చే అంకె ఉంది, విత్తన శాస్త్రంలో దాన్ని సీడ్ విగర్ ఇండెక్స్ అంటారు.

అంచె 6: తేడా నిజమా, యాదృచ్ఛికమా

ఒక్కో చుట్టకి సగటు పొడుగు కట్టండి. అన్నీ అయ్యాకే పట్టిక కవరు చింపండి. పది జతల్లో ఎన్నిట్లో అయస్కాంతం గింజలు ముందున్నాయి?

అయస్కాంతానికి ఏ ప్రభావమూ లేదనుకోండి. అప్పుడు ప్రతి జతా నాణెం ఎగరేసినట్టే. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడు అంతకన్నా ఎక్కువ బొమ్మలు పడే అవకాశం 17 శాతం. ఎనిమిది అంతకన్నా ఎక్కువ పడడానికి 5.5 శాతం. తొమ్మిది గాని పది గాని పడడానికి 1.1 శాతం. మనం ముందుగా ‘పెరుగుతుంది’ అనో ‘తగ్గుతుంది’ అనో తేల్చి చెప్పకపోతే ఈ శాతాలను రెండింతలు చేసుకోవాలి. కాబట్టి ఏడు జతల్లో అయస్కాంతం గెలిస్తే సంబరపడొద్దు, అది రోజూ జరిగేదే. తొమ్మిది జతల్లో గెలిస్తే మళ్లీ ప్రయోగం చేయడానికి మంచి కారణం దొరికినట్టు. పిల్లలతో అయితే ఈ శాతాలు నోటితో చెప్పడం కన్నా, క్లాసులో అందరిచేత తలా పదిసార్లు నాణెం ఎగరేయించండి. నలభై మందిలో ఆరేడుగురికి ఏడు, ఆపైన బొమ్మలు పడతాయి. అది కళ్లారా చూసిన పిల్లవాడు ఏడింటికి మోసపోడు.

ఇంకో జాగ్రత్త. 24 గంటల మొలకలు, 48 గంటల మొలకలు, వేరు, కాడ, ఇండెక్స్ అని అయిదు అంకెలు చూస్తే వాటిలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా బాగుండే అవకాశం పెరుగుతుంది. మీకు ముఖ్యమైనది ఏదో గింజలు నానబెట్టక ముందే నోట్‌బుక్‌లో రాసి తేదీ వేయండి.

వేరు వంగుతుందేమో చూడాలంటే

పాత సీడీ డబ్బాలో తడి టిష్యూ పరిచి, సెంటీమీటరు వేరు వచ్చిన పెసర మొలకని వేరు తిన్నగా కిందికి ఉండేలా పెట్టి, డబ్బా నిలబెట్టండి. వేరుకి ఎడమ పక్కన, ప్లాస్టిక్ బయట అయస్కాంతం అంటించండి, కుడి పక్కన అదే ఎత్తులో డమ్మీ. ఇలాంటివి పది చేసి, అయిదింటిలో చోట్లు తారుమారు చేయండి. రోజూ ఒకే చోటి నుంచి ఫోటో తీయండి.

రెండు విషయాలు మిమ్మల్ని పక్కదారి పట్టిస్తాయి. వేరు తడి ఎక్కువున్న వైపు తిరుగుతుంది, కాబట్టి టిష్యూ అంతటా సమానంగా తడవాలి. రెండోది, గురుత్వాకర్షణ చాలా బలమైన పోటీ. మన బిళ్ళ దగ్గర పిండి రేణువుల మీద పడే అయస్కాంత బలం దానిముందు చాలా చిన్నది. వేరు తిన్నగా కిందికే దిగితే మీ ప్రయోగం సరిగ్గానే జరిగింది.

పొలానికి తీసుకెళ్లే ముందు

అయస్కాంతం చుట్టిన పైపులు, విత్తనానికి అయస్కాంత శుద్ధి చేసే పరికరాలు అమ్మేవాళ్లు రైతుల దగ్గరికి వస్తున్నారు. ఈ మధ్య మా ఊళ్లో ఒక రైతు నన్ను అడిగారు, ‘సార్, కొనమంటారా?’ అని. నేను కొనమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. మొలక అయిదో రోజు పొడుగు ఒకటి, నాలుగో నెల దిగుబడి ఒకటి, వాటి మధ్య వాన, ఎరువు, పురుగు, కలుపు అన్నీ ఉన్నాయి. ముందు ఆ పరికరంతో శుద్ధి చేసిన గింజలు, చేయని గింజలు పక్కపక్క సాళ్లలో, ఒక సాలు ఇది ఒక సాలు అది చొప్పున, పది జతలు వేయండన్నాను. ఏది ఏ సాలో కోత కోసేవాళ్లకి చెప్పొద్దన్నాను. పది జతల తూకం వచ్చాక మాట్లాడుకుందాం అన్నాను. ఆయన ఇంటికెళ్లి సాళ్ల చివర పాతడానికి ఇరవై పుల్లలు చెక్కి, వాటి మీద నంబర్లు రాసుకున్నారు.